జాన్ మార్షల్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. పంపేటప్పుడు "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అన్నావు కాబట్టి మొహమాటపడను. వాక్యం మీద నీకు పట్టుంది, విషయం మీద ప్రేమ కూడా ఉంది. కానీ అమెరికా సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ ఆ వ్యాసంలో లేడు. ఆయన బదులు సన్మాన సభలో శాలువా కప్పించుకుని కూర్చున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. మొదటి రెండు పేజీల్లో ఆయన్ని దార్శనికుడన్నావు, ధీశాలి అన్నావు, రాజ్యాంగ శిల్పి అని కూడా అన్నావు (ఇది మాత్రం తప్పు, అమెరికా రాజ్యాంగం రాసిన సభలో ఆయన లేడు). ఇంతకీ ఆయన ఏం చేశాడన్నది మూడో పేజీలో గానీ మొదలవలేదు.

గొప్పవాళ్ల గురించి రాసేటప్పుడు కొత్తవాళ్లందరూ ఇలాగే మొదలుపెడతారు. ఆయన గొప్పవాడని మనకు ముందే తెలుసు కదా అని ఆ గొప్పతనాన్ని మొదటి రోజు నుంచే తగిలించేస్తారు. 1801 ఫిబ్రవరి 4న ప్రమాణం చేసిన మార్షల్‌కి తాను గొప్పవాడవుతానని తెలియదు. ఆయనకి తెలిసిందల్లా తన కోర్టుకి సొంత గది కూడా లేదని.

అక్కడి నుంచి రాయి. వాషింగ్టన్ కొత్త రాజధాని. అధ్యక్షుడికి భవనం కట్టారు, కాంగ్రెస్‌కి భవనం కడుతున్నారు. సుప్రీంకోర్టు సంగతి ఎవరికీ గుర్తురాలేదు. చివరికి కాపిటల్ భవనంలో కింది అంతస్తులో ఓ కమిటీ గది ఇచ్చి సర్దుకోమన్నారు. దానికంటూ సొంత భవనం వచ్చింది 1935లో! జడ్జీలు ఆరుగురు. ఏడాదిలో ఎక్కువ భాగం గుర్రబ్బళ్ల మీద ఊళ్లు తిరుగుతూ సర్క్యూట్ కోర్టులు నడపాలి. మొదటి చీఫ్ జస్టిస్ జాన్ జే 1795లో ఈ పదవి వదిలేసి న్యూయార్క్ గవర్నర్‌గా వెళ్లిపోయాడు. ఒక దేశపు ప్రధాన న్యాయమూర్తి ఒక రాష్ట్ర గవర్నర్ పదవి మేలనుకున్నాడంటే ఆ కుర్చీ విలువ ఎంతో నువ్వే లెక్క వేసుకో. ఆ పదవి మళ్లీ ఖాళీ అయితే అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ తిరిగి జేనే అడిగాడు. ఈ కోర్టుకి శక్తీ లేదు, బరువూ లేదు, గౌరవమూ లేదు, నేను రానన్నాడాయన. ఆ తర్వాతే ఆడమ్స్ ఎదురుగా ఉన్న తన విదేశాంగ మంత్రి మార్షల్ వైపు చూశాడు. అప్పటికి మార్షల్ వయసు 45. లా చదివింది వర్జీనియాలోని ఓ కాలేజీలో కొన్ని వారాలు, అంతే. అంతకుముందు స్వాతంత్ర్య యుద్ధంలో సైనికాధికారిగా ఉన్నాడు, వ్యాలీ ఫోర్జ్ సైనిక శిబిరంలో చలికాలం అనుభవించాడు.

నువ్వు "ఆడమ్స్ ఆయన ప్రతిభను గుర్తించి ఏరికోరి ఎంపిక చేశాడు" అని రాశావు. జే రానన్నాడన్న మాట పక్కన పెట్టి చదివితే ఆ వాక్యం ఎంత పేలవంగా ఉందో చూడు. ఎన్నికల్లో ఓడిపోయి, మూటాముల్లే సర్దుకుంటున్న అధ్యక్షుడు హడావిడిగా చేసిన నియామకం అది. జనవరి 20న పేరు పంపాడు, 27న సెనేట్ ఒప్పుకుంది. అధ్యక్షుడు దిగిపోయే మార్చి 4 దాకా మార్షల్ విదేశాంగ మంత్రిగానూ కొనసాగాడు. రెండు కుర్చీలూ ఒక్కరివే! ఇవాళ ఇలా జరిగితే టీవీ చర్చలు ఎన్ని రోజులు నడుస్తాయో.

ఇక ఎదురుగా ఉన్నది కొత్త అధ్యక్షుడు థామస్ జెఫర్సన్. వరసకి బంధువే, కానీ ఇద్దరికీ పడదు. ఓడిపోయిన ఫెడరలిస్టులు (ఆడమ్స్, మార్షల్‌ల పార్టీ) పోతూ పోతూ న్యాయవ్యవస్థలో తమవాళ్లని నింపేసి పోయారని జెఫర్సన్ పార్టీకి మంట. ఆ మంట ఉత్తినే వచ్చింది కాదు, అది కూడా నువ్వు రాయాలి. 1801 ఫిబ్రవరిలో దిగిపోతున్న కాంగ్రెస్ ఓ చట్టం చేసి 16 కొత్త సర్క్యూట్ జడ్జీ పదవులు పుట్టించింది, ఆడమ్స్ వాటిని తనవాళ్లతో నింపాడు. 1802 మార్చిలో కొత్త కాంగ్రెస్ ఆ చట్టాన్నే రద్దు చేసింది. సత్ప్రవర్తన ఉన్నంతకాలం పదవిలో ఉండొచ్చని రాజ్యాంగం మాటిచ్చిన పదహారు మంది జడ్జీలు ఒక్క చట్టంతో ఇంటికెళ్లారు. ఆ తర్వాత నెలలో ఇంకో చట్టం తెచ్చి సుప్రీంకోర్టు సమావేశాల తేదీలే మార్చేశారు. ఫలితంగా 1801 డిసెంబర్ తర్వాత ఆ కోర్టు మళ్లీ కూర్చున్నది 1803 ఫిబ్రవరిలో. పద్నాలుగు నెలలు దేశపు అత్యున్నత న్యాయస్థానానికి తాళం.

ఈ పద్నాలుగు నెలలు నీ వ్యాసంలో లేవు. అసలు కథ అంతా అక్కడే ఉంది. ఆ రోజుల్లో మార్షల్ ఏం చేశాడు? ఆ పదహారు మందీ పోవడంతో సర్క్యూట్ పని మళ్లీ సుప్రీంకోర్టు జడ్జీల మీదే పడింది. పాత పద్ధతిలో మళ్లీ సర్క్యూట్‌కి బయల్దేరాలా, లేక ఇది రాజ్యాంగ విరుద్ధమని మొండికేయాలా అని తోటి జడ్జీలకి ఉత్తరాలు రాసి అడిగాడు. శామ్యూల్ చేజ్ వెళ్లొద్దన్నాడు. మిగతావాళ్లు ఇన్నేళ్లూ వెళ్తూనే ఉన్నాం కదా, ఇప్పుడు కాదంటే ఎలా అన్నారు. మార్షల్‌కి మనసులో సందేహాలు ఉన్నాయి. అయినా ఎక్కువమంది మాటకి తలొగ్గి బండెక్కాడు. నువ్వు చెప్పే ధీశాలి ఇక్కడ తలవంచుకుని వెళ్లిపోతున్నాడు. దాచకు. పాఠకుడికి టెన్షన్ పుట్టేది ఇక్కడే.

ఇప్పుడు మార్బరీ కేసు. నువ్వు దీన్ని నాలుగు లైన్లలో తేల్చేశావు. నాలుగు పేజీలు ఇవ్వాల్సిన చోటది.

ఆడమ్స్ చివరి గంటల్లో వాషింగ్టన్ ప్రాంతానికి 42 మందిని జస్టిస్ ఆఫ్ ది పీస్‌లుగా వేశాడు. చిన్న పదవి, ఐదేళ్ల కాలం. సంతకాలు అయ్యాయి. ప్రభుత్వ ముద్ర వేయించింది విదేశాంగ మంత్రి, అంటే మార్షలే. కాగితాలు అందజేయడానికి ఆయన తమ్ముడు జేమ్స్ బయల్దేరాడు, అన్నీ పట్టుకెళ్లడం కష్టమై కొన్ని తిరిగిచ్చేశాడు. పొద్దున్నకి ప్రభుత్వం మారిపోయింది. బల్ల మీద మిగిలిన కాగితాలు ఇవ్వొద్దని జెఫర్సన్ ఆజ్ఞ. అలా ఆగిపోయినవాళ్లలో విలియం మార్బరీ ఒకడు. ఇంకో ముగ్గురితో కలిసి, కొత్త విదేశాంగ మంత్రి జేమ్స్ మాడిసన్ మీద నేరుగా సుప్రీంకోర్టులో మాండమస్ రిట్ వేశాడు. మాండమస్ అంటే తెలుసుగా, నీ డ్యూటీ నువ్వు చెయ్యి అని అధికారిని కోర్టు ఆదేశించడం.

విచారణ ఎలా జరిగిందో తెలుసా? మాడిసన్ తరఫున లాయరే రాలేదు. కోర్టును లెక్కచేయం అని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? ఆ కాగితాలకు ముద్ర పడిందా లేదా అన్న ఒక్క సంగతి రుజువు చేయడానికి మార్బరీ లాయర్ చార్లెస్ లీ విదేశాంగ శాఖ గుమాస్తాలను సాక్షులుగా పిలవాల్సి వచ్చింది. వాళ్లు తెలిసీ తెలియనట్టు, గుర్తుండీ గుర్తులేనట్టు జవాబులిచ్చారు. ముద్ర వేయించిన పెద్దమనిషి బెంచ్ మీద మధ్య కుర్చీలో కూర్చుని అంతా వింటున్నాడు! సాక్షి బోనులో ఉండాల్సినవాడు తీర్పు చెప్పబోతున్నాడు. ఈ ఒక్క దృశ్యాన్ని నువ్వు సరిగ్గా కట్టావంటే చాలు, నీ విశేషణాలన్నీ తీసేసినా వ్యాసం నిలబడుతుంది. చేజ్‌కి ఒంట్లో బాగాలేకపోతే ఆయన బస చేసిన స్టెల్స్ హోటల్ హాల్లోకే కోర్టు మారింది. ప్రపంచమంతా లా కాలేజీల్లో చదివే తీర్పు 1803 ఫిబ్రవరి 24న ఓ హోటల్ హాల్లో చదివి వినిపించారు.

మార్షల్‌కి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కాగితం ఇవ్వమని ఆదేశిస్తే మాడిసన్ ఇవ్వడు. కోర్టు దగ్గర పోలీసుల్లేరు, ఖజానా లేదు, నలుగురిలో నవ్వులపాలవుతుంది. ఇవ్వక్కర్లేదంటే జెఫర్సన్‌కి భయపడ్డట్టు అవుతుంది. ఇక ఆ తీర్పులో ప్రశ్నలు ఏ వరసలో వచ్చాయో చూడు. మార్బరీకి ఆ పదవి మీద హక్కుందా? ఉంది. హక్కు పోతే చట్టంలో దానికి దారుందా? ఉంది, మంత్రి కూడా చట్టానికి లోబడినవాడే. ఆ దారి ఈ కోర్టు నుంచి దొరుకుతుందా? దొరకదు. ఎందుకంటే సుప్రీంకోర్టు నేరుగా రిట్ ఇవ్వొచ్చన్న 1789 చట్టం 13వ సెక్షన్ రాజ్యాంగం గీసిన పరిధి దాటింది. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చట్టమే కాదు. ఏది చట్టమో చెప్పడం కోర్టు పని, కోర్టు బాధ్యత. కేసు కొట్టేస్తున్నాం.

మామూలుగా అయితే ఏ జడ్జీ అయినా "ఈ కేసు నా పరిధిలో ఉందా" అని ముందు అడుగుతాడు. లేదంటే ఫైలు మూసేస్తాడు. మార్షల్ ఆ ప్రశ్నని కావాలనే చివర పెట్టాడు. మొదట పెట్టుంటే జెఫర్సన్ ప్రభుత్వం తప్పు చేసిందని చెప్పే అవకాశమే ఉండేది కాదు. 13వ సెక్షన్‌కి ఆయన చెప్పిన అర్థం కూడా సాగదీసిందేనని, దాన్ని రాజ్యాంగంతో గొడవ లేకుండా చదవొచ్చని అప్పటి నుంచీ చాలామంది అంటున్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది. రాతగాడిగా నువ్వు నేర్చుకోవాల్సింది కూడా ఇక్కడ ఉంది. చెప్పే విషయాలు అవే అయినా వరస మారితే ఫలితం మారిపోయింది. జెఫర్సన్‌కి కోపం వచ్చినా చేయడానికి ఏమీ లేదు. ధిక్కరించడానికి ఆదేశం ఉంటే కదా! కేసు ఆయనే గెలిచాడు. పాము చచ్చింది, కర్ర విరగలేదు.

ఒక హెచ్చరిక. "న్యాయసమీక్షను మార్షల్ కనిపెట్టాడు" అని రాశావు, అంటే చట్టం రాజ్యాంగానికి సరిపోతుందా అని కోర్టు చూడటం. కనిపెట్టలేదు. రాజ్యాంగం రాసిన సభలో ఉన్న హామిల్టన్ 1788లోనే ఆ వాదన చేశాడు. 1796లో బళ్ల మీద పన్ను కేసులో సుప్రీంకోర్టు ఓ చట్టం చెల్లుతుందా లేదా అని పరిశీలించి, చెల్లుతుందంది. మార్షల్ చేసింది ఏమిటంటే, ఓ చట్టం చెల్లదని మొదటిసారి చెప్పడం, అదీ తన కోర్టు అధికారాన్నే కోసుకుంటూ చెప్పడం. ఆయన జీవితకాలంలో కాంగ్రెస్ చేసిన ఇంకే చట్టాన్నీ ఆ కోర్టు కొట్టేయలేదు. మళ్లీ కొట్టేసింది 1857లో, నల్లవాళ్లు అమెరికా పౌరులు కాలేరన్న డ్రెడ్ స్కాట్ కేసులో. అది ఎంత అన్యాయపు తీర్పో నీకు తెలుసు. ఆయుధం ఒకటే, ఎవరి చేతిలో ఏమైందో రాయడానికి జంకకు.

మార్బరీ తీర్పు వచ్చి వారం తిరక్కుండానే, మార్చి 2న స్టువర్ట్ కేసులో ఇంకో తీర్పు వచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, నువ్వూ పట్టించుకోలేదు. పదహారు మంది జడ్జీల పదవులు ఊడగొట్టిన ఆ రద్దు చట్టం మీద కేసది. కోర్టు ప్రభుత్వం వైపే మొగ్గింది. కింది కోర్టులో తానే విన్నాడు కాబట్టి మార్షల్ పక్కకి తప్పుకున్నాడు. మార్బరీ కేసులో తప్పుకోనివాడు ఇక్కడ తప్పుకున్నాడన్నమాట! ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితేగానీ మార్షల్ నడక అర్థం కాదు. మాటలో ఎంత ఎత్తుకి వెళ్లాడో, చేతలో అంత జాగ్రత్తగా వెనక్కి తగ్గాడు. అప్పటికి ఆ కోర్టు బతికి బట్టకడితే చాలన్న పరిస్థితి.

అది ఎంత నిజమో 1804లో తేలింది. జిల్లా జడ్జీ పికరింగ్‌ని ప్రతినిధుల సభ అభిశంసిస్తే సెనేట్ తీసేసింది. వెంటనే చేజ్ మీదకి వచ్చారు. చేజ్ నోటి దురుసు మనిషి, కోర్టులోనే రాజకీయ ఉపన్యాసాలిచ్చేవాడు. ఆయన పోతే తర్వాత వంతు చీఫ్ జస్టిస్‌దేనని ఊరంతా అనుకున్నారు. అప్పుడు మార్షల్ చేజ్‌కి ఓ ఉత్తరం రాశాడు. తీర్పు నచ్చకపోతే జడ్జీని తీసేయడం కన్నా, ఆ తీర్పు మీద కాంగ్రెస్సే అప్పీలు వినేలా చేయడం నయమేమో అన్నాడు అందులో. చదివావా? చట్టం ఏమిటో చెప్పడం మా పని అన్న మనిషే, ఏడాదో రెండేళ్లో గడిచేసరికి ఆ మాటను చట్టసభకి ధారపోయడానికి సిద్ధపడ్డాడు. భయం అది. ఉద్యోగం పోతుందన్న భయమే కాదు, మొత్తం వ్యవస్థ కూలిపోతుందన్న భయం. సెనేట్‌లో సాక్ష్యం చెప్పినప్పుడు కూడా ఆయన తడబడ్డాడని చూసినవాళ్లు రాసుకున్నారు.

ఆ రోజు గట్టెక్కించింది మార్షల్ కాదు, సెనేట్. మొత్తం 34 మందిలో 25 మంది జెఫర్సన్ పార్టీవాళ్లే. తీసేయడానికి 23 ఓట్లు కావాలి. ఎనిమిది ఆరోపణల్లో దేనికీ 19 మించి రాలేదు. 1805 మార్చి 1న చేజ్ బయటపడ్డాడు. తీర్పు నచ్చలేదని జడ్జీని పీకేయకూడదన్న కట్టుబాటు ఆ రోజు నుంచి స్థిరపడింది. సొంత పార్టీ మాట కాదన్న ఆ సెనేటర్లకి నీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా దక్కలేదు. న్యాయవ్యవస్థ స్వతంత్రంగా నిలబడిందంటే చీఫ్ జస్టిస్ ఒక్కడి వల్లే నిలబడదమ్మా. అవతల కూర్చున్నవాళ్లలోనూ కొందరు చేతులు కట్టుకుని ఆగాలి.

ఇక మార్షల్ సొంతంగా సాధించింది, ఎవరూ కాదనలేనిది ఒకటుంది. అంతకుముందు జడ్జీలు ఎవరి తీర్పు వారు విడివిడిగా చదివేవారు. అందులో కోర్టు మాట ఏదో ఏరుకోవడం లాయర్లకే కష్టం. మార్షల్ ఆ పద్ధతి మార్చి "ఇది కోర్టు తీర్పు" అని ఒకే తీర్పు ఇప్పించాడు, ఎక్కువగా తనే రాసి చదివాడు. జడ్జీలందరూ సమావేశాలప్పుడు ఒకే బోర్డింగ్ హౌస్‌లో దిగేవారు, కలిసి తినేవారు, భోజనాల దగ్గరే కేసులు మాట్లాడుకునేవారు. వాన పడితేనే వైన్ తాగాలని నియమం పెట్టుకున్నారట. ఎండ కాస్తున్న రోజున, మన పరిధి ఇంత పెద్ద దేశం కదా, ఎక్కడో ఒకచోట పడుతూనే ఉంటుందిలే, పొయ్యమన్నాడట మార్షల్. ఇది నిజమో కల్పనో గానీ ఆయన కొలీగ్ జోసెఫ్ స్టోరీ చెప్పిన ముచ్చట. "అట" తీసేయకుండా రాయి, బావుంటుంది.

ఇది సరదా ముచ్చటే కాదు. 1812 నాటికి ఏడుగురు జడ్జీల్లో ఐదుగురు జెఫర్సన్, ఆయన తర్వాత అధ్యక్షుడైన మాడిసన్ వేసినవాళ్లు. కోర్టు వాళ్ల చేతికి వచ్చేసినట్టే అనుకున్నారు. రాలేదు. ఆ ఐదుగురిలో ఒకడైన స్టోరీ మార్షల్‌కి కుడిభుజం అయ్యాడు. ఈ ఒకే గొంతు పద్ధతి మీద జెఫర్సన్ ముసలితనంలో కూడా ఫిర్యాదు చేస్తూనే ఉన్నాడు, 1822లో జడ్జీ విలియం జాన్సన్‌కి ఉత్తరాలు రాసి మరీ. శత్రువు దేన్ని చూసి ఉడుక్కుంటున్నాడో చూస్తే, దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిసిపోతుంది.

రాష్ట్రాల మీద కేంద్రం అధికారాన్ని నిలబెట్టిన మెకలాక్, గిబ్బన్స్, కోహెన్స్ కేసుల గురించి నువ్వు రాసింది సరిపోతుంది, వాటిని ఇంకా పెంచకు. ఒక్క చిన్న సంగతి చేర్చు. 1819లో మెకలాక్ తీర్పు మీద వర్జీనియా పత్రికలు విరుచుకుపడితే, మార్షల్ మారుపేరుతో పత్రికల్లో వ్యాసాలు రాసి తన తీర్పును తనే సమర్థించుకున్నాడు. సిటింగ్ చీఫ్ జస్టిస్! నాకైతే ఇది మింగుడు పడదు. నీకేమనిపిస్తుందో నువ్వు రాయి, నా అభిప్రాయం అరువు తెచ్చుకోకు.

1832 ఊస్టర్ కేసు మాత్రం పూర్తిగా మళ్లీ రాయాలి. చెరోకీ అనే ఆదివాసుల భూమి మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని మార్షల్ తీర్పిచ్చాడు. జార్జియా లెక్కచేయలేదు. ఆ చట్టాల కింద జైల్లో ఉన్న మిషనరీ శామ్యూల్ ఊస్టర్ ఆ తర్వాతి ఏడాది జనవరి దాకా బయటికి రాలేదు. చెరోకీలను 1838లో సైన్యం తరిమేసింది, దారి పొడుగునా వేలమంది చచ్చిపోయారు. "మార్షల్ తీర్పిచ్చాడు, ఆయన్నే అమలు చేసుకోమనండి" అని అధ్యక్షుడు జాక్సన్ అన్నాడని నువ్వు కొటేషన్లలో పెట్టావు. ఆ మాట జాక్సన్ పోయిన చాలా ఏళ్లకి అచ్చులోకి వచ్చింది. కొటేషన్ తీసెయ్. అలా అనకపోయినా అలాగే జరిగింది, అది చాలు. అలాగే మార్షల్ బానిసల్ని కొన్నవాడూ, అమ్మినవాడూ. "ఆ కాలం అలాంటిది" అని ఒక్క ముక్కతో దాటెయ్యకు. ఆస్తి హక్కుల మీద అంత పదునుగా రాసిన మనిషి ఇంట్లో మనుషులే ఆస్తి. ఈ రెండూ పక్కపక్కనే పెట్టి ఊరుకో, వివరణ అక్కర్లేదు.

చివర్లో మన కోకా సుబ్బారావుగారిని తెచ్చావు, మంచి పని చేశావు. రాజమండ్రి మనిషి, గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత మన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. అయితే ఇద్దరినీ పోల్చడానికి "ఇద్దరూ ధైర్యవంతులే" అంటే సరిపోదు. అసలు పోలిక వేరే చోట ఉంది. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో ఆయన 6-5 మెజారిటీతో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించడానికి వీల్లేదన్నారు. కానీ ఆ సూత్రం ఇకముందుకే వర్తిస్తుందని, పాత సవరణలు చెల్లుతాయని చెప్పారు. భూముల కోసం కోర్టుకెక్కిన కుటుంబానికి దక్కిందేమీ లేదు. మార్బరీకి పదవి దక్కలేదు, వాళ్లకి భూమి దక్కలేదు. ఇద్దరు చీఫ్ జస్టిస్‌లూ కేసు ప్రభుత్వానికి వదిలేసి సూత్రం తమ దగ్గర ఉంచుకున్నారు. తేడా కూడా రాయి. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం చెల్లదని మన ఆర్టికల్ 13లో రాసే ఉంది, సుబ్బారావుగారికి ఆధారం దొరికింది. మార్షల్‌కి అలాంటి వాక్యం లేదు, ఉన్నదాంట్లోంచి తీసుకున్నాడు.

తేదీలు కొన్ని సరిచూసుకో. మార్షల్ ప్రమాణం మార్చి 4 అని వేశావు, అది జెఫర్సన్‌ది. మార్షల్‌ని మూడో చీఫ్ జస్టిస్ అన్నావు. జే, రట్లెడ్జ్, ఎల్స్‌వర్త్ తర్వాత ఈయన నాలుగోవాడు. చనిపోయింది 1835 జులై 6న, ఫిలడెల్ఫియాలో, పదవిలో ఉండగానే. ఆయన కోసం మోగిస్తుంటే ఆ ఊళ్లోని పేరున్న గంట లిబర్టీ బెల్ పగిలిందన్న కథ నమ్మదగ్గది కాదు, కొట్టెయ్.

మొదటి రెండు పేజీలూ తీసేసి, జాన్ జే రానన్న దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. దసరాలోపు పంపితే సంక్రాంతి సంచికకి ఎడిటర్‌గారితో నేను మాట్లాడతాను. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి పంపు తల్లీ, ఫోన్‌లో పీడీఎఫ్ నా వల్ల కావట్లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు